మూడు సెట్ల షాకబ్జర్లు తిన్న బండి

మా వర్క్‌షాప్ చెన్నైలో, అంబత్తూర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్ పక్క సందులో ఉంది. ఇరవై ఏళ్లు దాటింది, షాకబ్జర్లు విప్పి మళ్లీ కట్టి ఇవ్వడమే పని. వచ్చేవి ఎక్కువగా ర్యాలీ కార్లు, రేస్ బైకులు. ఇక్కడ రాస్తున్న కేసు ఓ సొంత తయారీ స్పోర్ట్స్ కారుది. దాని ఓనర్ అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఉద్యోగం, బండి రంగు, గుర్తుపట్టే వివరాలు ఏవీ లేవు. మేమిద్దరం తెలుగువాళ్లమే కాబట్టి మా వాదనలన్నీ తెలుగులోనే నడిచాయి. వాటిలో పనికొచ్చే ముక్కలు మాత్రం ఉంచాను.

ఈ కేసు రాయడానికి కారణం అందులో నేను చేసిన తప్పు. ఆయన చేసినవీ ఉన్నాయి. కానీ ఆయన ఈ పనికి కొత్త, నేను కాదు.

బండి సంగతి

1957లో లోటస్ కార్ల కంపెనీ యజమాని కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చాడు. అప్పట్లో ఇంగ్లండ్‌లో తయారైన కారు కొంటే పర్చేజ్ టాక్స్ పడేది. విడి భాగాలుగా కొని ఇంటి దగ్గర బిగించుకుంటే పడేది కాదు. కిట్ కారు అనే అలవాటు అక్కడ అంత గట్టిగా పాతుకుపోవడానికి అదో కారణం. 1973లో సెవెన్ హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి వెళ్లాయి, ఇప్పటికీ వాళ్లు తయారు చేస్తున్నారు. అదే పద్ధతిలో ప్రపంచమంతా వేలమంది షెడ్లలో కట్టుకుంటారు: చదరపు గొట్టాల ఫ్రేమ్, ముందు ఇంజన్, వెనక చక్రాలకి డ్రైవ్, తలుపులు లేవు, పైకప్పు లేదు.

మా ఓనర్‌ది ఆ రకమే. ఫ్రేమ్, ముందు విష్‌బోన్లు (చక్రాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చేతులు) కిట్‌గా తెప్పించి, పాత జిప్సీ 1.3 లీటర్ ఇంజన్ పెట్టి, వెనక సాలిడ్ యాక్సిల్‌తో (రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు) నాలుగేళ్లు శని, ఆదివారాలు కూర్చుని కట్టాడు. రోడ్డు రిజిస్ట్రేషన్ లేదు. ట్రెయిలర్ మీద ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లి, తిప్పి, మళ్లీ ట్రెయిలర్ మీదే తెచ్చుకుంటాడు.

బండి బరువు ఆయన కూర్చున్నాక 620 కిలోలు. ఖాళీ మారుతి 800 కన్నా తక్కువ. ఇంత తేలిక బండిలో డ్రైవర్ ఒక్కడే ఎనిమిదో వంతు. మామూలు కార్ల మీద వచ్చిన అలవాట్లు ఇక్కడ పనిచేయకపోవడానికి సగం కారణం అదే.

ఏం పట్టుకొచ్చాడు

పాతిక కిలోల పొన్ని బియ్యం సంచి, అడుగున ఆయిల్ మరక. లోపల ఆరు షాకబ్జర్లు. రెండు బైక్‌వి, నాలుగు కాయిలోవర్లు, అంటే ఒంటి మీద స్ప్రింగ్, దాన్ని పైకీ కిందికీ జరిపే కాలర్ ఉన్నవి.

"అన్నా, ఏ కంపెనీది వేస్తే పోదో అది చెప్పండి. రేటు సంగతి తర్వాత చూసుకుందాం."

మొదట పుదుపేట స్పేర్ పార్ట్స్ బజార్‌లో బైక్ షాకబ్జర్లు కొని వేశాడట. చవక, దొరుకుతాయి, సైజు చూడ్డానికి సరిపోయింది. బండి కుందేలులా ఎగిరింది. దాని గురించి ఎక్కువ రాయను. బైక్ వెనక మోనోషాక్ (చక్రానికి ఒక్కటే షాక్ ఉండే రకం) మీట లెక్కన పనిచేస్తుంది కాబట్టి దాని స్ప్రింగ్ మరీ గట్టి, స్ట్రోక్ పొట్టి. రెండు పక్కలా ఉండే రకమైతే ఈ బరువుకి డ్యాంపింగ్ (ఊపుని అణిచే బలం) చాలదు. ఎటు చూసినా అతకదు.

రెండో సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించిన అల్యూమినియం కాయిలోవర్లు. ఎర్ర స్ప్రింగులు, కింద డ్యాంపింగ్ మార్చే 24 క్లిక్కుల నాబ్. రెండు ట్రాక్ డేలు అయ్యేసరికి ముందువి రెండూ ఆయిల్ కక్కాయి. మూడో సెట్ కూడా అదే తయారీది. "పీస్ డిఫెక్ట్ అయి ఉంటుంది" అనుకుని మళ్లీ కొన్నాడు. ఈసారి ఒక్క రోజుకే ముందువి కారాయి.

సంచిలో ఉన్న నాలుగు కాయిలోవర్లూ ముందువే అని నేను గమనించాను. నోటితో అన్నాను కూడా: "అన్నీ ముందువే తెచ్చారే?" వెనకవి బాగానే ఉన్నాయి, బండికే ఉన్నాయి అన్నాడు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఒకే కంపెనీ, ఒకే సీలు, ఒకే ఆయిల్. ముందువి చచ్చి వెనకవి బతికాయంటే జబ్బు షాక్‌లో లేదు. అది చెప్పడానికి షాక్ బలం కొలిచే మిషన్, డైనో, అక్కర్లేదు. ఆ రోజు బెంచ్ మీద మూడు ర్యాలీ కార్ల పని ఉంది, వినాయక చవితికి ఊరెళ్లే తొందర కూడా ఉంది. ఇవి సాకులే.

నా మొదటి వైద్యం

మూడో సెట్ ముందు జతని విప్పాను. సీల్ పెదవి అరిగిపోయి ఉంది. చవక సీలు, చెన్నై ఎండ, ట్రాక్ వేడి అని నాకు నేనే కథ అల్లుకున్నాను. మంచి సీలు వేసి, ఆయిల్ మార్చి, కట్టి ఇచ్చేశాను. సీలు ఎక్కడ అరిగిందో చూశాను, ఏ వైపు అరిగిందో చూడలేదు.

అయిదో ల్యాప్‌లో ఎడమది కారింది. ట్రాక్ దగ్గర నుంచే ఫోన్ చేశాడు. కోపంగా మాట్లాడలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. డబ్బు వెనక్కిచ్చి, ఈసారి బండినే తెమ్మన్నాను. షాకబ్జర్లు ఒక్కటే తెస్తే చూడనన్నాను.

లోపల ఏముంది

ఈసారి కారిన షాక్‌ని తొందర లేకుండా విప్పాం. ఈ భాగం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే కేసు మొత్తం ఆ బెంచ్ మీదే తేలింది.

ఇవి ట్విన్ ట్యూబ్ రకం. లోపలి గొట్టంలో రాడ్ చివర ఉన్న పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది, బయటి గొట్టంలో మిగులు ఆయిల్, పైన కొంచెం గ్యాస్. లోపలి గొట్టం అడుగున చిన్న వాల్వ్ ఉంటుంది, మేం ఫుట్ వాల్వ్ అంటాం. దాన్ని బయటికి తీసి గుడ్డతో తుడిచి ట్యూబ్‌లైట్ కింద పెట్టాను. నడిమధ్యన ఆరు పలకల గుర్తు, అచ్చు వేసినట్టు. పిస్టన్ నట్టు తీసి దాని మీద పెడితే అతికినట్టు కూర్చుంది. అంటే పిస్టన్ కిందిదాకా వచ్చి వాల్వ్‌ని గుద్దుతోంది. ఒకసారి కాదు, అచ్చు పక్కన ఇంకో అచ్చు, కొంచెం తిరిగి మూడోది.

రాడ్ మీద ఉండాల్సిన బంప్ రబ్బర్ (షాక్ చివరిదాకా నొక్కుకుంటే దెబ్బ మోసేది) సగం చిరిగి పైకి జరిగిపోయింది. మామూలు కార్లలో ఈ రబ్బర్ అప్పుడప్పుడు మాత్రమే దెబ్బ తింటుంది. ఇందులో రోజంతా అదే మోసింది.

రెండో సంగతి రాడ్. క్రోమ్ మీద ఒకే వైపు పొడుగ్గా బూడిదరంగు చార. సీల్ పెదవి కూడా సరిగ్గా ఆ వైపే అరిగింది. షాక్ నిటారుగా నొక్కుకుంటే అరుగుదల చుట్టూ సమానంగా ఉంటుంది. ఒక వైపే ఉందంటే పక్క నుంచి ఏదో నెడుతోంది. ఆయిల్ వేలికి అంటితే వెండి పూతలా మెరిసింది, అంత లోహం పొడి ఉంది అందులో.

మూడోది చిన్నది: రాడ్ పై భాగంలో సూది మొనతో పొడిచినట్టు తుప్పు చుక్కలు. బండి ఉండే షెడ్ సముద్రానికి దగ్గర. ఈశాన్య రుతుపవనం నెలల్లో కదలకుండా నిలబడిపోతే, బయటికి కనిపించే రాడ్ భాగాన్ని ఉప్పు గాలి తింటుంది. ఆ చుక్కలు సీల్‌ని ఆకురాయిలా గీస్తాయి. ఇది చంపిన జబ్బు కాదు, పక్కన నిలబడిన జబ్బు.

సీలు మారుస్తూ పోతే నా షాపు నడుస్తుంది, ఆయన బండి నడవదు.

కొలిచినప్పుడు

పిస్టన్ అడుగుకి ఎందుకు కొడుతోంది? స్ప్రింగ్ మెత్తన. మరి ఆయన స్ప్రింగ్ లెక్క కట్టలేదా అంటే, కట్టాడు. ఎక్సెల్ షీట్ చూపించాడు, నా లెక్కల కన్నా శుభ్రంగా ఉంది. ముందు ఒక్కో చక్రం మీద స్ప్రింగ్ మోసే బరువు 121 కిలోలు, కావలసిన ఊపు సెకనుకి 1.9 సార్లు, దానికి చక్రం దగ్గర మి.మీ.కి 17 న్యూటన్ల గట్టిదనం ఉండాలి. ఇంతవరకూ సరే. చక్రం నుంచి షాక్‌కి మారేటప్పుడు మోషన్ రేషియో (చక్రం కదలికలో షాక్ కదిలే వంతు) 0.76 అని వేశాడు. దాన్ని వర్గం చేస్తే 0.578. అందుకని 170 పౌండ్ల స్ప్రింగ్. కాయిలోవర్ స్ప్రింగులు అంగుళానికి ఇన్ని పౌండ్లని అమ్ముతారు; 170 అంటే మి.మీ.కి దాదాపు 30 న్యూటన్లు.

వర్గం ఎందుకంటే, చక్రం 10 మి.మీ. లేస్తే షాక్ 7.6 మాత్రమే కదులుతుంది, ఆ కదలికకి వచ్చిన బలం చక్రం దగ్గరికి చేరేసరికి మళ్లీ 0.76 వంతు అవుతుంది. ఒకసారి దూరంలో పోతుంది, ఒకసారి బలంలో పోతుంది. ఇది ఆయనకి తెలుసు. తప్పు ఆ 0.76లోనే ఉంది. విష్‌బోన్ పొడవు మీద షాక్ ఎక్కడ కూర్చుందో కొలిచి ఆ సంఖ్య తెచ్చాడు. షాక్ నిటారుగా ఉంటే అది నిజం. సెవెన్ రకం బండ్లలో ముందు షాక్ బానెట్ పక్కన ఇమడాలని బాగా లోపలికి వాలి ఉంటుంది. దీనిది 40 డిగ్రీలు.

కాగితం మీద వాదించకుండా బండి దగ్గరే కొలిచాం. స్ప్రింగ్ తీసేసి షాక్ ఒక్కటే బిగించి, చక్రం కింద జాకీ పెట్టి 10 మి.మీ. చొప్పున లేపాం. ప్రతిసారీ షాక్ రెండు చివర్లలో బోల్టు దూరే కళ్ల మధ్య దూరం ఆయనే కొలిచాడు, నేను గోడ మీద సుద్దతో రాశాను. బండి మామూలుగా నిలబడే ఎత్తు దగ్గర చక్రం 10 లేస్తే షాక్ తగ్గింది 5.8. ఇంకా పైకి పోయేకొద్దీ 5.5, 5.3. అంటే చక్రం పైకి వెళ్లేకొద్దీ షాక్ ఇంకా పడుకుంటోంది, సరిగ్గా బలం కావాల్సిన చోట సస్పెన్షన్ మెత్తబడుతోంది. ఇది ఈ తరహా బండ్ల పుట్టుకతో వచ్చిన గుణం, పూర్తిగా పోదు.

0.58ని వర్గం చేస్తే 0.34. ఆయన 170 పౌండ్ల స్ప్రింగ్ చక్రం దగ్గర ఇస్తున్నది 17 కాదు, 10 న్యూటన్లు. గోడ మీద ఆ 10 రాశాక ఓ నిమిషం ఎవరం మాట్లాడలేదు.

"మరి బండి ఎత్తు కరెక్ట్‌గానే ఉంది కదా అన్నా?"

ఉంది, ఎందుకంటే కాలర్ తిప్పి 30 మి.మీ. ప్రీలోడ్ ఎక్కించాడు, అంటే స్ప్రింగ్‌ని ముందే అంత నొక్కిపెట్టాడు. మొదటిసారి బండి దింపితే ముక్కు నేలకి దిగిందట, కాలర్ తిప్పి లేపాడు. చాలామంది అనుకున్నట్టే ఆయనా అనుకున్నాడు, కాలర్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుందని. గట్టిపడదు. 170 పౌండ్ల స్ప్రింగ్ ఎంత తిప్పినా 170 పౌండ్లదే. బండి పైకి కూర్చుంటుంది, అంతే. ఎత్తు సరిపోయింది కాబట్టి లోపల ఉన్న తప్పు రెండు కాయిలోవర్ సెట్లపాటు ఎవరికీ కనబడలేదు.

ఇక బ్రేక్ లెక్క. గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు ముందు ఒక్కో చక్రం మీద అదనంగా పడేది సుమారు 535 న్యూటన్లు. మెత్తటి స్ప్రింగ్ మీద అది చక్రం దగ్గర 53 మి.మీ., షాక్ దగ్గర 31. ఆ షాక్‌లో నిలబడే ఎత్తు నుంచి బంప్ రబ్బర్ తగిలేదాకా ఉన్నది 32. అంటే స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కేసరికే రబ్బర్ మీదికి వచ్చేశాడు. ఆ తర్వాత కర్బ్ (ట్రాక్ అంచు గట్టు) ఎక్కినా, చిన్న గతుకు తగిలినా మోసేది రబ్బరూ ఫుట్ వాల్వే. తప్పు స్ప్రింగ్‌ది, దెబ్బలు షాక్‌కి.

పక్క నుంచి నెట్టే సంగతి బండి కిందకి దూరితే తెలిసిపోయింది. కింది బ్రాకెట్ ఒంటి చెవిది. విష్‌బోన్ పక్కకి వెల్డ్ చేసిన ఒక్క ప్లేటుకి 12 మి.మీ. బోల్టు, దాని చివర వేలాడుతున్న షాక్ కన్ను. బోల్టు కొంచెం వంగింది, స్కేలు పెడితే కనబడేంత. పై బ్రాకెట్ కింది దానికి తిన్నగా లేదు, 6 మి.మీ. వెనక్కి ఉంది. ఫ్రేమ్ వెల్డ్ చేసేటప్పుడు వేడికి లాగేసి ఉంటుంది. నాలుగేళ్ల పని చేసినవాడికి ఆ 6 మి.మీ. చూపించడం నాకు సరదా కాదు.

ఏది కొనాలి

ఇప్పుడు ఆయన మొదటి ప్రశ్నకి వచ్చాం. మూడు దారులు ఆలోచించాం.

ఇంగ్లండ్‌లో సెవెన్ రకం బండ్ల కోసమే చేసినవి తెప్పించడం మొదటి దారి. కేటర్‌హామ్ బిల్‌స్టైన్ కంపెనీ షాక్స్ వాడుతూ వచ్చింది. అక్కడి సొంత తయారీదారుల్లో గాజ్, ఏవీవో, ప్రోటెక్ పేర్లు బాగా నడుస్తాయి. మంచి సరుకే. నా అభ్యంతరం సరుకు మీద కాదు. సీలు పోతే ఏం చేస్తారు? పార్సిల్ కట్టి పంపి, రెండోసారి కస్టమ్స్ చూసి, రెండు నెలలు బండిని ఇటుకల మీద పెట్టుకోవాలి. ట్రాక్ బండికి నమ్మకం అంటే పాడవకపోవడం కాదు, అన్నీ పాడవుతాయి. పాడైనది ఇదే ఊళ్లో వారంలో మళ్లీ నిలబడగలదా అన్నది నా లెక్క. దీంతో ఒప్పుకోనివాళ్లున్నారు, వాళ్ల వాదన కూడా తప్పు కాదు.

సింగిల్ సీటర్ రేస్ కార్ల వాడేసిన షాక్స్ రెండో దారి. చూశాం, వదిలేశాం. అవి రాకర్ (కదలికని మలుపు తిప్పే మీట) మీద నడిచేవి, స్ట్రోక్ చిన్నది. మనకి 90 మి.మీ. కావాలి.

తీసుకున్నది మూడోది: విప్పి కట్టడానికి వీలైన మోనోట్యూబ్ బాడీలు, 36 మి.మీ. పిస్టన్, 11 మి.మీ. రాడ్, దారం చెక్కిన స్టీల్ ఒళ్లు, నాబ్ లేదు. సీల్స్, షిమ్ములు (ఆయిల్ దారికి అడ్డం పెట్టే పల్చటి రేకు బిళ్లలు) మా షెల్ఫ్‌లో ఉండే సైజువే. మోనోట్యూబ్ ఎందుకంటే ఇందులో ఆయిల్‌కీ గ్యాస్‌కీ మధ్య తేలే పిస్టన్ ఉంటుంది, రెండూ కలవవు, ఎంత వాల్చినా ఫరవాలేదు. ట్విన్ ట్యూబ్‌ని బాగా వాలిస్తే ఆయిల్ కొంచెం తగ్గినా ఫుట్ వాల్వ్ గాలి పీల్చే ప్రమాదం ఉంది. దీని 40 డిగ్రీలకి నాకు ధైర్యం చాలలేదు.

నాబ్ లేదనేసరికి పెద్ద గొడవ.

"ట్రాక్ బండికి అడ్జస్ట్‌మెంట్ లేకపోతే ఎలా అన్నా? నవ్వుతారు."

పాత కాయిలోవర్లలో పెద్దగా కారనిది ఒక జత ఉంది. డైనో మీద పెట్టి చూపించాను. మాది మోటార్‌తో తిరిగే చిన్న డైనో, షాక్‌ని ఒక వేగంతో ఊపి ఎంత బలం ఎదురిస్తుందో గీస్తుంది. 24 క్లిక్కుల్లో మొదటి తొమ్మిది దాకా గీత కదిలింది. తర్వాత పదిహేను క్లిక్కులు చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు షాకులూ ఒకే క్లిక్‌లో పెడితే, సెకనుకి 0.1 మీటర్ వేగం దగ్గర రీబౌండ్ (షాక్ తెరుచుకునేటప్పటి ఎదురు బలం) ఎడమది 520 న్యూటన్లు, కుడిది 390. ఆయన రెండు ట్రాక్ డేలు అన్నిట్నీ ఫుల్ టైట్‌లో పెట్టి, ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఒకలా ఉందేమని తల బద్దలు కొట్టుకున్నాడు. ఆ గీత చూశాక నాబ్ ఊసెత్తలేదు. ఖరీదైన అడ్జస్టబుల్ షాక్స్ ఇలా ఉండవు, అది కూడా చెప్పాను. కానీ ఇప్పుడు ఆయనకి కావాల్సింది రెండు పక్కలా ఒకేలా ఉండడం.

కట్టిన లెక్క

ముందుకి 300 పౌండ్ల స్ప్రింగ్. చక్రం దగ్గర 17.7 న్యూటన్లు, ఊపు 1.92. నిలబడినప్పుడు షాక్ 39 మి.మీ. నొక్కుకుంటుంది, 51 మిగులుతుంది. ప్రీలోడ్ లేకుండానే ఎత్తు కుదిరింది. బ్రేక్‌కి షాక్ దగ్గర 17 పోయినా రబ్బర్‌కి ఇంకా 13, 14 మి.మీ. ఉంటుంది. పాత లెక్కలో అది 1.

డ్యాంపింగ్ ముందుకి బంప్ (షాక్ నొక్కుకునేటప్పటి ఎదురు బలం) 420, రీబౌండ్ 700 న్యూటన్లు, అదే 0.1 మీటర్ వేగం దగ్గర. సరిగ్గా ఊగకుండా ఆగడానికి కావలసిన దానిలో సుమారు 65 శాతం. మామూలు రోడ్డు కారుకి ఇందులో సగం చాలు.

గ్యాస్ దగ్గర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. మోనోట్యూబ్‌లో 20 బార్ నైట్రోజన్ అలవాటు. అంత ఒత్తిడి 11 మి.మీ. రాడ్‌ని 190 న్యూటన్ల బలంతో బయటికి తోస్తుంది. ఎస్‌యూవీకి అది లెక్కలోకి రాదు. దీని షాక్ మోసేదే 2,040 న్యూటన్లు, అందులో తొమ్మిది శాతం గ్యాసే మోస్తుంది. తగ్గిద్దామంటే, మరీ తగ్గిస్తే గట్టి దెబ్బకి పిస్టన్ వెనక ఆయిల్ నురగ పడుతుంది. పెద్ద గతుకులో బంప్ బలం 900 దాటకుండా షిమ్ములు పెట్టి, దాన్ని పిస్టన్ వైశాల్యంతో భాగిస్తే దాదాపు 9 బార్ వచ్చింది. 12 పెట్టాను.

బ్రాకెట్లు కోసేసి రెండు చెవులవి వెల్డ్ చేయించాం, రబ్బర్ బుష్ బదులు గుండ్రటి బేరింగ్, రెండు పక్కలా కోన్ వాషర్లు. వెల్డర్‌కి నేను పెట్టిన పరీక్ష ఒక్కటే: స్ప్రింగ్ లేకుండా షాక్ పెట్టి, చక్రం పైనుంచి కిందిదాకా చేత్తో కదిపి, ఏ ఎత్తు దగ్గరైనా బోల్టు వేళ్లతో తోస్తే దిగాలి. సుత్తి అడిగిందంటే బ్రాకెట్ తప్పు. మూడోసారికి దిగింది.

వెనక నేను మళ్లీ తప్పాను

వెనకవి కూడా జతగా మార్చాం. 130 పౌండ్ల స్ప్రింగ్, ఎందుకంటే అక్కడ షాక్ యాక్సిల్ మీదే, దాదాపు నిటారుగా ఉంది, రేషియో 0.94. లెక్క ప్రకారం రీబౌండ్ 290 చాలు. నేను 400 పెట్టాను. సాలిడ్ యాక్సిల్ బరువు, ఒక్కో పక్కకి 45 కిలోలు స్ప్రింగ్ కింద ఎగురుతుంది, దాన్ని గట్టిగా పట్టుకోవాలన్న భయం.

ట్రాక్ మీద మొదటి సెషన్‌లో ముందు భాగం బాగుంది, వెనక భాగం వరస గతుకుల మీద జారింది. ఓనర్ మాట బాగుంది: "కూర్చుంది అన్నా, లేవట్లేదు." రాడ్ల మీద కేబుల్ టై బిగించి పంపాం, అది ఎక్కడిదాకా జరిగిందో చూస్తే షాక్ ఎంత నొక్కుకుందో తెలుస్తుంది. వెనకవి ఊహించిన దానికన్నా 15 మి.మీ. ఎక్కువ జరిగాయి. స్ప్రింగ్ మెత్తన అనుకునే ప్రమాదం ఉంది అక్కడ. కానీ బరువులూ రేషియో ఈసారి మేమే కొలిచాం, స్ప్రింగ్ మీద అనుమానం లేదు. రీబౌండ్ గట్టిగా ఉంటే ఒక గతుకుకి నొక్కుకున్న షాక్ పూర్తిగా తెరుచుకునేలోపే రెండోది వస్తుంది, మూడోది వచ్చేసరికి బండి ఇంకా కిందికి దిగి ఉంటుంది. సాయంత్రం వెనక్కి తెచ్చి షిమ్ములు పల్చన చేసి 290కే తెచ్చాను. లెక్క ముందే చెప్పింది, నేనే వినలేదు.

తర్వాత ట్రాక్ డేకి ఎనిమిది ల్యాపులు ఆపకుండా తిప్పాడు. పిట్‌లో షాక్‌ల ఒళ్లు ముట్టుకోలేనంత వేడి, థర్మామీటర్‌లో 70 డిగ్రీలు, నాలుగు రాడ్లూ పొడిగా ఉన్నాయి. ముందు కేబుల్ టైలు రబ్బర్‌కి 4 మి.మీ. దూరంలో ఆగాయి. అంటే ఉన్న ప్రయాణం వాడుకుంటోంది, గుద్దుకోవడం లేదు.

షాపులో మారినవి

ఇప్పుడు సొంత తయారీ బండి ఏది వచ్చినా షాక్ విప్పే ముందు నాలుగు సంఖ్యలు అడుగుతాను: డ్రైవర్ కూర్చున్నాక చక్రం ఒక్కోదాని మీద బరువు, 10 మి.మీ. చొప్పున కొలిచిన రేషియో, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, పూర్తిగా లేచినప్పుడు షాక్ పొడవు. డ్రాయింగ్‌లో ఉన్న సంఖ్య తీసుకోను. కొందరు విసుక్కుని వేరే షాపుకి వెళ్లిపోతారు. విప్పిన షాక్‌లో సీలు ఏ వైపు అరిగిందో మార్కర్‌తో గీసి, బండికి ఏ వైపు ఉందో రాసుకోమని మా కుర్రాడికి చెప్పాను. పని ఒక నిమిషం. అప్పట్లో ఆ నిమిషం పెట్టనందుకు నాకు ఒక బిల్లు, ఓనర్‌కి ఒక ట్రాక్ డే పోయాయి.

కొత్త సెట్‌కి అయిన ఖర్చు ఆయన ఇంతకుముందు రెండు కాయిలోవర్ సెట్లకి పెట్టినదానికి దాదాపు సమానం. బ్రాకెట్ల వెల్డింగ్ వేరే.

పద్నాలుగు నెలల తర్వాత పాడవకుండానే ఆయిల్ మార్చడానికి తెచ్చాడు. ఈసారి సంచి కాదు, బండే. నాలుగూ డైనో మీద పెడితే ఎడమ కుడి తేడా మూడు శాతం లోపు, సీళ్ల అరుగుదల చుట్టూ సమానం. ముందు కుడి రాడ్ మీద మాత్రం రెండు తుప్పు చుక్కలు మళ్లీ కనిపించాయి. వానాకాలంలో రాడ్‌కి గ్రీజు రాసి గుడ్డ చుట్టమన్నాను. చుట్టానన్నాడు. ముందు కుడి వైపు మర్చిపోయాడట, అక్కడ సైకిల్ అడ్డం ఉందట.